ఎడమ చెవి తీర్పు

చరిత్ర రాసేవాళ్లు యుద్ధాలకూ సంధులకూ కిరీటాలకూ ఇచ్చిన చోటులో రవ్వంత కూడా వదిన ఎడమ చెవి జూకాకు ఇవ్వలేదు. ఇది చరిత్రకు జరిగిన లోటే గాని జూకాకు కాదు. ఆ జూకా చెవికి ఉన్నంతసేపూ లోకం మామూలుగా నడుస్తుంది. వదిన దాన్ని తీసి పక్కవాళ్ల అరచేతిలో పెట్టిందంటే మాత్రం కార్లలో పెట్టే ఏదో ఒక పాటల సెట్ జాతకం తేలబోతోందన్నమాట. ఆ తరవాత ఆవిడ కళ్లు మూసుకుంటుంది. చూపుడువేలు పైకెత్తుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు దగ్గు వచ్చినా గొంతులోనే మింగేస్తారు. వేలు కిందికి దిగేసరికి ఒక కంపెనీ గట్టెక్కడమో, ఆ వీధి మేరకు దివాలా తీయడమో జరిగిపోతుంది.

మరి కుడి జూకా ఎందుకు తియ్యరని ఓ కొత్త డ్రైవరు తెలియక అడిగాడు.

“కుడి చెవి మీ సొద వినడానికి నాయనా. తీర్పు ఎడమదాని పని. రెండు పనులూ ఒకరికే అప్పగిస్తే ఏదీ తిన్నగా సాగదు,” అంది వదిన.

వృత్తిరీత్యా వదిన కారు సీట్లకు కవర్లు కుడుతుంది. పనిచేసే చోటు ఒక రేకుల షెడ్డు. దాన్ని నిలువునా చీలుస్తూ మధ్యలో ప్లైవుడ్ గోడ. ఇవతల వదిన కుట్టుమిషను, రెక్సిన్ చుట్టలు, ఫోమ్ ముక్కలు కోస్తూ ఆవిడ భర్త. అవతల కార్లలో పాటల సెట్లు బిగించే పెద్దమనిషి. ఆయన్ని అందరూ సెట్లాయన అంటారు. ఎదురుగా అద్దె కార్ల స్టాండు. ఆ స్టాండులో కారు నడిపేవాడు వదినకు సొంత మరిది. వాడు నోరారా ‘వదినా’ అని పిలవగా విని, మిగతా డ్రైవర్లూ అదే పిలుపు అందుకున్నారు. వాళ్లలో ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లున్నారు. చుట్టరికం గౌరవానికే గాని వయసుకు కాదని సర్దుకున్నారు.

ఇక కుట్టుమిషను మనిషికి సెట్ల మీద అధికారం ఎలా వచ్చిందంటే, అదంతా ప్లైవుడ్ చలవ. ఆ గోడ దుమ్మును ఆపుతుందేమో గాని మాటను ఆపదు. ఏళ్ల తరబడి వదిన సీటు మూలలు తిప్పి కుడుతూ, అవతల సెట్లు అమ్ముడుపోవడం వింది. ఇంకా ముఖ్యంగా, అమ్ముడుపోయినవి తిరిగి రావడం వింది. కొనేటప్పుడు అందరూ నవ్వుతారు. ఆ నవ్వుల్లో కంపెనీకీ కంపెనీకీ తేడా ఉండదు. అదే గొంతు మళ్లీ వచ్చి, “ఏమయ్యా, నువ్విచ్చింది సెట్టా, అప్పడమా? ఎండకు పొంగిపోయింది!” అని కేకేసినప్పుడు, ఆ పెట్టె ఏ కంపెనీదో వదిన గోడకివతలి నుంచే గుర్తుపెట్టుకునేది. “వెళ్లేవాటిని లెక్కపెట్టేది దుకాణం. తిరిగొచ్చేవాటిని లెక్కపెట్టాలి తెలివైనవాళ్లు,” అని ఆవిడ సిద్ధాంతం. దీన్ని ఆవిడ ఎన్నడూ వినయంగా చెప్పలేదు. వినయం చెవికి అడ్డం అనేది రెండో సిద్ధాంతం.

మరిది కొత్తగా కారు తీసుకున్నాడు. సీట్లకూ తలుపుల లోపలి ప్యాడ్లకూ రెక్సిన్ పని మొత్తం వదినే చేసింది. సెట్ దగ్గరకొచ్చేసరికి పేచీ పడింది. మరిది మనసు నీలిదీపాల కంపెనీ మీద ఉంది. అది పాడుతుంటే దాని మొహం మీద దీపాలు ఎక్కి దిగుతుంటాయి. వదిన చెప్పింది బోడి కంపెనీ. అసలు పేరు వేరే ఉంది, కానీ దాని మొహాన గొంతు పెంచి తగ్గించే ఒక గుండ్రటి మర, రెండు మీటలు తప్ప ఏ అలంకారమూ లేదు గనక స్టాండులో బోడి అనే స్థిరపడింది.

“వదినా, ఇది చూస్తే సంతాపసభకు వెళ్తున్నట్టుందే!”

“పైన పటారం లోన లొటారం నీకెందుకురా? పాట వినాలా, దీపాలు చూడాలా? దీపాలు కావాలంటే ముందు రెండున్నాయిగా, బండికి.”

మరిది నోరు మూసుకుని బోడిదే పెట్టించుకున్నాడు. స్టాండులో మిగతావాళ్లు కూడా పాత సెట్లు తీసేసి అందరూ కలిసి ఒకే కంపెనీవి వేయించుకోవాలన్న ఆలోచనలో ఉన్నారు. మరిది బండిలో ఎలా ఉంటుందో చూసి అదే ఖాయం చేద్దామన్నారు. అంటే వదిన మాట మీద మొత్తం స్టాండు నిలబడి ఉందన్నమాట.

అలాంటి సమయంలో మరిది కారులో ఎడమ ముందు తలుపు మూలగడం మొదలుపెట్టింది.

మామూలు మాటలకు ఏమీ ఉండదు. పాటలో లోతు స్వరం రాగానే ఆ తలుపులోంచి గరగరమని, గొంతులో కిచ్‌కిచ్ ఉన్న ముసలాయన సణిగినట్టు వచ్చేది. ఎక్కినవాళ్లు తలుపు సరిగ్గా పడలేదేమోనని తీసి వేసేవాళ్లు. ఒకాయనైతే, “బాబూ, లోపల ఎవరన్నా ఉన్నారా?” అని అడిగాడు. మరిది ఆ మాట పట్టుకుని తిన్నగా షెడ్డుకొచ్చాడు. వెనకాలే, పని లేని డ్రైవర్లందరూ వచ్చారు. పని ఉన్నవాళ్లు కూడా వచ్చారు.

“వదినా, నీ బోడి కంపెనీ బండారం బయటపడింది. రేపే పీకేసి నీలిదీపాలది పెట్టిస్తున్నా.”

వదిన మిషను ఆపింది. “ఆడలేక మద్దెల ఓడంటే వినడానికి నేను తేరగా లేను. సెట్ది తప్పని తేల్చిందెవరు?”

“నా చెవులు!”

“అవి మీ అన్నదమ్ములందరికీ మొహానికి బ్యాలెన్సు కోసం ఇచ్చాడు దేవుడు.”

ఫోమ్ కోస్తున్న భర్త తలెత్తాడు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అనే స్థితి ఆయనకు కొత్త కాదు. మళ్లీ తల దించుకుని కోత కొనసాగించాడు.

“సరే, పందెం,” అన్నాడు మరిది. “తప్పు నీ బోడి సెట్‌దో, దాని స్పీకర్‌దో అయితే నువ్వు ఇక ఈ జన్మలో జూకా తియ్యకూడదు. ఎవరొచ్చి ఏ కంపెనీ మంచిదని అడిగినా ‘నాకేం తెలుసు బాబూ’ అనాలి.”

కుట్టుపని ఆవిడకు కూడు పెడుతోంది, నిజమే. కానీ పొద్దున లేచాక ఆవిడ నడుం నిటారుగా నిలబడేది ఆ జూకా వల్లేనని అక్కడ అందరికీ తెలుసు.

“కాకపోతే?” అంది వదిన.

“స్టాండు మధ్యలో నిలబడి, మా వదిన చెవే చెవి, మిగతావన్నీ చిల్లులు అని అరుస్తా.”

“మూడుసార్లు.”

“సరే, మూడుసార్లు.”

వదిన ఎడమ జూకా తీసి భర్త అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని రెండు చేతులతో, కోర్టులో సాక్ష్యం అందుకున్నట్టు అందుకున్నాడు.

మరిది ముందే ఏర్పాట్లతో వచ్చాడు. నీలిదీపాలది ఉన్న స్నేహితుడి కారు తెచ్చి తన కారు పక్కన నిలిపాడు. అందులో ఒక హోరు పాట పెట్టేసరికి షెడ్డు రేకులు కూడా తాళం వేశాయి. తరవాత తన కారులో అదే పాట. డ్రైవర్లు మొహమొహాలు చూసుకున్నారు. “ఏమాటకామాటే, నీలిదాంట్లో దమ్ముంది వదినగారూ,” అన్నాడు ఒక పెద్దాయన.

“దమ్ము కాదు, అరుపు,” అంది వదిన. “ఒకడు బల్లెక్కి నిలబడి నేనే పొడుగంటే ఒప్పుకుంటారా? ముందు వాణ్ణి కిందికి దించండి.”

స్వయంగా వెళ్లి నీలిదీపాల సెట్ గొంతు కొంచెం కొంచెంగా తగ్గించింది. రెండు కార్ల మధ్య నిలబడి అటొక చెవి, ఇటొక చెవి వేసి, రెండూ ఒకే ఎత్తుకు వచ్చాక వేలెత్తింది. “ఇప్పుడు పాట ఆపి వార్తలు పెట్టండి.”

“వార్తలా? వార్తలెవరు వింటారు వదినా?”

“పాటలో ఏ గొంతును ఎంత సాగదీశారో నీకూ తెలీదు, నాకూ తెలీదు. మనిషి మాట ఎలా ఉంటుందో పుట్టినప్పట్నుంచీ వింటున్నాం. దాన్ని తిన్నగా పలకలేనిది పాటనేం పలుకుతుంది?”

రెండు రేడియోల్లో ఒకే మనిషి వాతావరణం చదువుతున్నాడు. నీలిదీపాల కారులో ఆయనకు పడిశం పట్టి ఉంది. పైగా కుండలో తల పెట్టి మాట్లాడుతున్నాడు. దీపాలు మాత్రం ఎక్కి దిగుతున్నాయి. బోడి సెట్‌లో ఆయన ఆరోగ్యంగా ఉన్నాడు. మధ్యలో కాగితం తిప్పుకున్న చప్పుడు కూడా వినిపించింది.

“అరె, కాగితం!” అన్నాడు పెద్దాయన. ఆ ఒక్క కాగితంతో సగం స్టాండు ఇటు తిరిగిపోయింది.

మరిది మాత్రం లొంగలేదు. “గొంతు బాగుంటే సరా? మూలుగు సంగతి తేల్చు.”

వదిన సెట్లాయన వైపు చూసింది. ఆయన అరుదుగా మాట్లాడతాడు. సెట్లు మాట్లాడుతుంటే మధ్యలో తానెందుకన్నది ఆయన పద్ధతి. మరిది కారులోంచి బోడి సెట్ ఊడదీసి, ఆ చోట తన దుకాణంలోని నీలిదీపాల సెట్ పెట్టి వైర్లు కలిపాడు. వదిన లోతు స్వరమున్న పాట పెట్టమంది.

గరగర. అదే తలుపు. అదే ముసలాయన.

“ఇదిగో, నీ నీలిదీపాల రాజుగారు కూర్చున్నా మూలుగు మానలేదు. సెట్ నిర్దోషి,” అంది వదిన.

“సెట్ నిర్దోషి సరే. స్పీకర్? అదీ బోడి కంపెనీదేగా! అది చిరిగి ఉంటుంది. ఒప్పేసుకో వదినా.”

వదిన తలుపు దగ్గరకు వెళ్లి, పాట నడుస్తుండగానే లోపలి ప్యాడ్ మీద అరచెయ్యి ఆనించింది. స్పీకర్ జాలీ మీద కాదు, దానికి జానెడు దూరంలో, తాను కుట్టిన రెక్సిన్ మీద. గట్టిగా నొక్కింది. మూలుగు ఆగింది. వదిలింది. మూలుగు వచ్చింది. ఇదంతా పాటలో ఒక చరణం జరిగేలోపే అయింది. ఆవిడ వీపు జనం వైపు ఉండటం వల్ల ఎవరూ గమనించలేదు, ఒక్క భర్త తప్ప. ఆయన జూకాను కొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

స్పీకర్ తియ్యాలంటే ప్యాడ్ విప్పాలి. ప్యాడ్ విప్పితే అందులో ఏముందో అందరూ చూస్తారు. విప్పకుండా స్పీకర్‌దే తప్పని ఒప్పుకుంటే కుట్టుపని పేరు నిలుస్తుంది, చెవి పేరు పోతుంది. వీధిలో అందరూ చూస్తుండగా ఒక మనిషికి రెండు గౌరవాల్లో ఒకటి వదులుకోవలసిన ఘడియ అది. ఆవిడలోని దర్జీ ఒకవైపు, న్యాయమూర్తి ఒకవైపు నిలబడి ఆవిడ మొహంలోకి చూశారు.

“విప్పండి,” అంది వదిన.

“నువ్వు కుట్టిన ప్యాడ్ వదినా! మూలలు చెదిరిపోతాయి,” అన్నాడు మరిది, ఆ మాట వాడు ఊహించలేదు గనక.

“మళ్లీ కుట్టుకుంటా. నిర్దోషికి శిక్ష పడకూడదు.”

సెట్లాయన క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీశాడు. ఆఖరిది ఊడి ప్యాడ్ పక్కకు జరగ్గానే, లోపలి రేకుకూ రెక్సిన్‌కూ మధ్యనుంచి ఒకటి జారి, తలుపు అంచుకు తగిలి, నేల మీద పడింది. దారాలు తెంపుకునే చిన్న కత్తెర. పిడికి ఎర్ర దారం చుట్టి ఉంది.

ఆ షెడ్డులో కత్తెర వాడేది ఎవరో సెట్లాయనకు తెలుసు. స్టాండుకు తెలుసు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకమైతే ఆవిడ వదిన ఎందుకవుతుంది? భుజం కదల్లేదు.

“పాట పెట్టండి,” అంది, మళ్లీ వేలెత్తి.

ప్యాడ్ చేత్తో ఆనించి పట్టుకుని పాట పెట్టారు. లోతు స్వరం వచ్చింది. బావి అడుగునుంచి నీళ్లు తోడినట్టు చల్లగా, నిండుగా, చుక్క తొణక్కుండా వచ్చింది. ముసలాయన లేడు. సెట్లాయన బోడి సెట్‌ను దాని చోట మళ్లీ పెట్టాడు. ఇంకా బాగా వచ్చింది. పెద్దాయన కళ్లు మూసుకుని తల ఊపాడు. వదిన వేలు మెల్లగా కిందికి దిగింది.

“సెట్ నిర్దోషి. స్పీకర్ నిర్దోషి. కంపెనీ నిర్దోషి.”

“అది సరే,” అన్నాడు మరిది, కత్తెర ఎత్తి పట్టుకుని. “ఇదెవరిది వదినా?”

“అది వేరే కేసు. ఇప్పుడు నడిచింది సెట్ల కేసు. రెంటినీ కలపకు.”

“కాదు, ఇది లోపలికి ఎలా...”

“తీర్పు అయిపోయాక సాక్షిని వేధించకూడదు. ఏమండీ, ఆ జూకా ఇలా ఇవ్వండి.”

భర్త జూకా ఇచ్చాడు. పెళ్లయ్యాక ఆయన బహిరంగంగా ఇచ్చిన అభిప్రాయాలు బహు తక్కువ. ఆ రోజు ఒకటి ఇచ్చాడు. “ఒరేయ్ తమ్ముడూ, తన పని విప్పించి ఎదుటివాడి పనిని కాపాడింది. అది నీవల్లా కాదు, నావల్లా కాదు. వెళ్లి అరిచిరా.”

మరిది వెళ్లాడు. స్టాండు మధ్యలో నిలబడి, మా వదిన చెవే చెవి, మిగతావన్నీ చిల్లులు అని మూడుసార్లు అరిచాడు. మొదటిసారి ఏడుపు మొహంతో, రెండోసారి నవ్వాపుకుంటూ, మూడోసారి నిజంగానే. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. వదిన రెంటినీ ఒకే మధ్యాహ్నం గెలిచి, మిషను ముందు కూర్చుని, తలుపు ప్యాడ్ మూలలు మళ్లీ కుట్టింది. ఈసారి కుట్లు ఇంకా దగ్గరగా పడ్డాయి.

అక్కడినుంచి జరిగింది జైత్రయాత్ర. స్టాండులోని ప్రతి కారుకూ బోడి సెట్ వచ్చింది. అవతలి వీధి స్టాండువాళ్లు కబురు పంపారు. కొత్త బండి కొన్నవాళ్లు కాగితాలు చేతికి రాకముందే వదిన దగ్గరకొచ్చి, ఏ కంపెనీ ఎండకు తట్టుకుంటుంది, ఏది గతుకులకు పాట ఎగరగొట్టకుండా ఉంటుంది అని అడిగి, చెయ్యి చాచి జూకా కోసం నిలబడేవాళ్లు. సెట్లాయన నీలిదీపాల పెట్టెలను పై అటకెక్కించాడు. మరిది తన కారు ఎక్కినవాళ్లందరికీ, అడగకపోయినా, ఆ రేడియోలో కాగితం తిప్పిన చప్పుడు వినిపిస్తుందని చెబుతుంటాడు.

ఎక్కినవాళ్లలో ఎక్కువమంది, ఫోన్ మాట్లాడుకోవాలి, కాస్త ఆ సెట్ కట్టెయ్యమంటారు.