దూప లేని ఎండాకాలం

మా అవ్వకు చెమట పట్టడం లేదని గమనించిన రోజు నేను భయపడలేదు, కుళ్లుకున్నాను. నా జాకెట్టు వీపుకు అంటుకుపోయి ఉంది. ఆమె మాత్రం అదే రేకుల కప్పు కింద పొడిపొడిగా కూర్చుని ఉంది. ఎంత బుద్ధిలేనిదాన్నో!

ధర్మపురి దారిలో మాది చిన్న ఊరు. మగవాళ్లు మరమగ్గాల మీదికి పోతే ఆడవాళ్లం బీడీలు చుట్టేవాళ్లం. బాపు పోయాక ఇంట్లో నన్ను కన్న అవ్వా నేనూ ఇద్దరమే. రెండేళ్లుగా వానలు ఎగ్గొట్టాయి. బోరింగు కొడితే నీళ్లకు బదులు లోపలినుంచి వేడి గాలి వచ్చేది, కింద ఎవరో నిట్టూర్చినట్టు. నాలుగు రోజులకోసారి ట్యాంకరు, ఇంటికి రెండు బిందెలు.

బీడీ పనిలో ఒక తిరకాసు ఉంది. తునికాకు తడిమీదుంటేనే వంగుతుంది, ఆరితే పుటుక్కున విరుగుతుంది. అందుకే ట్యాంకరు వచ్చిన రోజు మా ఇంట్లో మొదట నీళ్లు తాగేది ఆకు. నానిన కట్టలను తడి గోనెపట్టాలో చుట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మూలన పెట్టేది అవ్వ. మిగిలినవి మాకు, పూటకు చెరో చెంబు. ఒకరోజు ఆమె తన చెంబు నా ముందుకు జరిపింది.

"నువ్వు తాగు బిడ్డా. నాకు దూపైతలేదు."

"గీ ఎండలకు దూప గాకపోవుడేందే?"

"ఏమో, అయితలేదు. నీకెందుకు పరేషాన్?"

తాగాను. మర్నాడూ తాగాను. దాహం లేదని మనిషి తన నోటితో చెబుతుంటే నమ్మక ఏం చేస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ రెండో చెంబు ఎంత తియ్యగా ఉండేదో!

వారం తిరిగేసరికి అవ్వ ఒంటికి పోవడానికి లేవడం కూడా దాదాపు మానేసింది. పళ్లతో దారం తెంపితే పెదవి పంటికి అంటుకుని అలాగే ఉండిపోయేది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలు ఆగిపోయాయి. ఊళ్లో చప్పుడు లేదు. కునుకు తీసి లేచేసరికి అవ్వ గోడకు ఆనుకుని బీడీలు చుడుతోంది. వేళ్లు చకచకా ఆడుతున్నాయి. ఆకూ పొగాకు పొడీ ఉన్న చాట మాత్రం నా పక్కనే ఉంది. ఆమె చేతిలో ఆకు లేదు, తమాకు లేదు. లేని ఆకును మెలితిప్పి, లేని దారం చుట్టి, కొస గోటితో మడిచి ఒళ్లో వేసుకుంటోంది.

"అవ్వా, ఏం జేస్తున్నవే?"

"కనబడ్తలేదా? పట్టు, కట్ట కట్టు," అని ఖాళీ పిడికిలి అందించింది. నవ్వుతోంది కూడా. ఏం చేయాలో తోచక రెండు చేతులూ చాపి తీసుకున్నాను. తగిలిన ఆ వేళ్లు పెనంలా కాలుతున్నాయి. మూలనున్న గోనెపట్టా లాగి, ఆకులన్నీ కింద పారబోసి, ఆ తడిపట్టా అవ్వకు చుట్టి ఆటోలో కరీంనగర్ తీసుకుపోయాను.

ప్రాణం దక్కింది, కిడ్నీలు దక్కలేదు. వయసు మీదపడ్డవాళ్లకు ఒక్కోసారి దాహం తెలియదని అక్కడి నర్సు అంటే, ఆ మాట పట్టుకుని ఇన్నేళ్లు గడిపాను.

ఇప్పుడు వాకిట్లో నల్లా ఉంది, రోజూ నీళ్లొస్తాయి. అవ్వ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయొస్తుంది. తాగిన నీరు ఒంట్లోంచి బయటికి పోదు కాబట్టి ఆమెకు రోజంతా కలిపి కొలిచిన నాలుగు చిన్న గ్లాసులే. కొలిచేది నేను. బిందె నా గదిలో పెట్టి తలుపు వేస్తాను. నల్లా చప్పుడు వినబడితే చాలు, ఆమె తల అటు తిరుగుతుంది.

"దూపైతుందే బిడ్డా. జర ఒక్క గుక్క."

"వద్దే అవ్వా. నీ వంతు అయిపోయింది."

అలా అన్నప్పుడల్లా ఆమె నా గొంతు వైపు చూస్తుంది. మొన్న ఏడుపు ఆపుకోలేక అడిగేశాను. "అప్పుడు నిజంగనే దూప గాలేదా అవ్వా?"

"అయితుండె బిడ్డా," అంది. "నువ్వు తాగుతుంటే నీ గుటకలు ఇనుకుంట కూసుంటుంటి."