అగాత పిన్ని దారాలు

అగాత పిన్నికి దారం కట్టని వస్తువంటే నమ్మకం లేదు. ఎవరి వస్తువుకు వాళ్ల రంగు దారం ఉండాల్సిందే. లేకపోతే అది దొంగ సొత్తని ఆవిడ తీర్మానం.

పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో పనిచేసే స్లోవాక్ కుర్రాళ్లం ఏడుగురం ఆవిడ ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఏడుగురికీ కుండ ఒక్కటే. మాంసం మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. తెచ్చిన ముక్కకు పిన్ని దారం చుట్టి కుండలో వేసేది. నాది పచ్చ, ఓంద్రేయ్‌ది నీలం, గాష్పర్‌ది పసుపు. వడ్డించేటప్పుడు దారం పట్టి లాగితే ఎవరిది వాళ్ల గిన్నెలో పడేది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! చెంచాలకు దారం, తువ్వాళ్లకు దారం, పెరట్లో బాతుల కాళ్లకు దారం. ఒకసారి చర్చి ఫాదర్ గారు మా ఇంట్లో టోపీ మరిచిపోయారు. మర్నాడు వచ్చేసరికి దానికి నల్ల దారం వేలాడుతోంది. పాపం, ఆయన చూసుకోకుండా అలాగే ఒక పెళ్లికి వెళ్లారు. ఆవిడ మొగుడు ఇగ్నాస్ బాబాయ్ కోటు గుండీకి ఎర్ర దారం.

"బాబాయ్‌ని ఎవరెత్తుకుపోతారు పిన్నీ?" అన్నాను.

"ఎవరూ ఎత్తుకుపోరు. తాగి ఎక్కడ పడున్నా తెచ్చి నా గుమ్మంలో పడేస్తారు."

1902 మే నెలలో గనులన్నిట్లో సమ్మె మొదలైంది. యూనియన్ మనిషి ఒకాయన ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వచ్చాడు. "ఐరిష్ వాళ్లయినా, ఇటలీ వాళ్లయినా, మీరయినా ఇప్పుడు అందరిదీ ఒకే కుండలో కూడు తల్లీ!" అన్నాడు గొంతెత్తి.

పిన్ని గరిటె దించి, "కుండ ఒకటే, సరే. ముక్కలకు దారాలు కట్టారా?" అంది.

అందులో అంతరార్థం ఏముందో తేలక ఆ మహానుభావుడు కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు.

ఆగస్టు వచ్చేసరికి గని కంపెనీ కొట్టువాడు అరువు ఆపేశాడు. యూనియన్ ఇచ్చిన పిండితో రొట్టెకు లోటు లేదు గానీ, మాంసం కళ్లచూడ్డం కష్టమైంది. పొలాల్లో కూలి దొరికిన వాళ్లం శనివారం కాస్త కొనేవాళ్లం. ఓంద్రేయ్‌కి ఆ కూలీ దొరకలేదు. భార్యాపిల్లల ఓడ టిక్కెట్లకని కూడబెట్టింది కరిగిపోతోంది. "సోమవారం నేను గనిలోకి దిగిపోతాను," అని గొణగడం మొదలుపెట్టాడు. ఒక్కడు దిగితే వెనకే పదిమంది దిగుతారు. కంపెనీ దానికోసమే కాచుక్కూర్చుంది.

విచిత్రం ఏమిటంటే, ఏమీ కొనని ఓంద్రేయ్ నీలం దారం ప్రతిసారీ ముక్కతోనే పైకొచ్చేది. అదే సమయంలో గాష్పర్ పోరు ఎక్కువైంది. గాష్పర్ అంటే పళ్లరిగిపోతాయని నవ్వడం కూడా మానేసిన పిసినారి.

"పిన్నీ, నా ముక్క సగమైందేంటి?"

"ఉడికితే తగ్గదట్రా?"

"అందరిదీ ఉడకట్లేదా?"

"నీ గీచి గీచి బేరాలకు కొవ్వు ముక్కే వస్తుంది. కొవ్వు కరుగుతుంది!"

ఒక రోజు మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లి నేను కొయ్యబారిపోయాను. పిన్ని కత్తి పట్టుకుని గాష్పర్ ముక్కలో ఇంత, నా ముక్కలో ఇంత, తన మొగుడి ముక్కలో మరింత కోసి, వాటిని కలిపి నీలం దారంతో బిగిస్తోంది. చెంచా మారితే ఊరంతా ఏకం చేసే మనిషి! ఓరి దేవుడో అనుకుని చప్పుడు చెయ్యకుండా వచ్చేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఓంద్రేయ్ లేచి నిలబడ్డాడు. "రేపు దిగుతున్నాను. నన్ను తిట్టండి, కొట్టండి," అన్నాడు. పిన్ని నీలం దారం లాగి, అందరికంటే పెద్ద ముక్క వాడి గిన్నెలో పడేసింది.

"ఇది నాది కాదు. మూడు వారాలుగా నేనేం కొనలేదు పిన్నీ!"

"నీ దారమే కదా? తిను."

"నాకు తెలీదా? ఇది వీళ్లందరిదీ!"

అప్పుడు గాష్పర్ బల్ల మీద గుద్దాడు. "అరుస్తావేంరా? నాది ఉడికితే తగ్గింది, నీది ఉడికితే పెరిగింది. కుండ ఇష్టం! మూసుకుని తిను, తిని రేపు మాతో పాటు గని గేటు ముందు నిలబడు."

ఓంద్రేయ్ కూర్చున్నాడు. ఏడుస్తూ తిన్నాడు, కానీ ఎముక కూడా మిగల్చలేదు. సోమవారం మా ఇంటి నుంచి ఒక్కడూ గనిలోకి దిగలేదు. తర్వాత కసాయివాడు చెబితే తెలిసింది, గాష్పర్ రెండు వారాలుగా రెట్టింపు ముక్క కొంటున్నాడట!

అక్టోబరులో సమ్మె విరమించి పనిలోకి వెళ్లాం. మార్చిలో ప్రభుత్వ కమిషన్ తీర్పు వచ్చి కూలి పదో వంతు పెరిగింది, పనిగంటలు తగ్గాయి. ఆ వేసవిలోనే ఓంద్రేయ్ భార్య ముగ్గురు పిల్లలతో ఓడ దిగింది.

ఒకసారి పిన్నిని అడిగేశాను. "అందరి ముక్కలూ కోసి కలిపేదానివి, ఈ దారాల గోల ఎందుకు పిన్నీ? అన్నీ ఒకటిగా వండెయ్యొచ్చుగా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏడు దారాల్లో ఏ దారానికి ముక్క లేదో పొద్దున్నే చూసుకుంటాను. అన్నీ కలిపి వండితే, పస్తున్నవాడు ఎవడో నాకెలా తెలుస్తుందిరా, తెలివితక్కువ సన్నాసీ?"