డిస్కు కంటే ముందు లేచిన డబ్బా

పొద్దున ఐదున్నరకు స్నానం చేసి, దేవుడి ముందు దీపం వెలిగించి, ఆ తర్వాత టీవీ కింద ఉన్న చిన్న కంప్యూటర్ మీద అరచేయి ఆనించి చూడడం కిష్టప్ప అలవాటు. వెచ్చగా తగిలితే నిమ్మళం. అప్పుడు ఫోన్‌లో పాట నొక్కేవాడు. పక్కింట్లో బక్కమ్మ మంచం దగ్గరున్న స్పీకర్‌లో బక్కమ్మ గొంతే భజన అందుకునేది.

వాళ్ల ఊరు చిట్కుల్‌లో శనివారం భజనకు ఆమె ముప్పై ఏళ్లు ముందుండి పాడింది. గొంతు ఆపరేషన్ తర్వాత గుసగుస ఒక్కటే మిగిలింది. అంతకుముందు కిష్టప్ప రికార్డు చేసిపెట్టిన నూట పన్నెండు పాటలు ఆ కంప్యూటర్‌కు వైరుతో తగిలించిన ఒక్క హార్డ్ డిస్కులో ఉన్నాయి, మరెక్కడా లేవు. అతడు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. వీడియోలు చూసి నేర్చుకుని, పాటలు వినిపించే ప్రోగ్రామును ఆ కంప్యూటర్లో ఒక కంటైనర్‌లో, అంటే మిగతావాటితో కలవకుండా విడిగా నడిచే సాఫ్ట్‌వేర్ అరలో పెట్టాడు.

"డబ్బాల డబ్బా అన్నట్టు. లోపలున్నదానికి మనం సూపిచ్చిన ఫోల్డరే లోకం" అని అడిగినవాళ్లకు చెప్పేవాడు.

మొన్న దసరా మర్నాడు పాట రాలేదు. తెర మీద పాటలు సున్నా అని ఉంది. కంటైనర్ నడుస్తున్నట్టే పచ్చగుర్తు, డిస్కు లైటు కూడా వెలుగుతోంది. కిష్టప్ప రెండుసార్లు తెర మూసి తెరిచినా సున్నా మారలేదు. పక్కింటికి వెళ్లి గడప దగ్గరే నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నీ పాటలు కనవడ్తలేవు. నేనే ఏందో జేసిన."

"పోతే పోనీ బిడ్డా" అంది బక్కమ్మ గుసగుసగా. "ముప్పై ఏండ్లు మీ చెవులు దిన్న. ఇగనన్న జెర నిమ్మళంగుండున్రి. చాయ్ తాగినవా?"

అలా అందే గాని, ఆమె చేయి స్పీకర్ మీది నుంచి కదలలేదు.

కిష్టప్ప అమీన్‌పూర్‌లో ఉండే కృష్ణప్రియకు ఫోన్ చేశాడు. అతడి పాత సూపర్‌వైజర్ కూతురు, కంప్యూటర్ ఉద్యోగం. ఆ చిన్న కంప్యూటర్ ఆమె ఇచ్చిందే.

"కంగారుపడకండి బాబాయ్. నిన్న ఏం చేశారో మొదట్నుంచీ చెప్పండి."

"ఏం జేస్తనమ్మా, ఆయుధపూజ. టెస్టర్లు, పానాలు, కంప్యూటర్, డిస్కు అన్ని తీసి తుడిసి బొట్లు వెట్టిన."

"డిస్కుకు కూడానా?"

"పెద్దమ్మ గొంతున్నది అండ్లనే గదా. దానికి వెట్టకుంటే ఎట్ల?"

ఆమె నవ్వలేదు. "తుడిచాక మళ్లీ ఏది ముందు తగిలించి ఆన్ చేశారు?"

"కంప్యూటరే. డిస్కు వైరుకు పసుపు నీళ్లు అంటినయ్. ఆరినంక, గంటకు..."

మాట మధ్యలో ఆగిపోయాడు. ఫ్యాక్టరీలో నూనె పంపు తిరగనిదే పెద్ద మోటార్ స్విచ్ ఎవరినీ ముట్టనివ్వని మనిషి అతడు. ఇక్కడ డిస్కు రాకముందే కంటైనర్ లేచి, ఖాళీ ఫోల్డర్‌ను చూసింది. డిస్కు తర్వాత వచ్చినా, లోపలిదానికి ఆ పాత ఖాళీయే కనిపిస్తోంది.

"గింత సోయి లేకపాయె నాకు" అన్నాడు.

డిస్కు తెరిచి చూస్తే పాటలన్నీ భద్రంగా ఉన్నాయి. దేవుడికి దండం పెట్టుకుని, కంటైనర్‌ను ఆపి మళ్లీ లేపాడు. సున్నా పోయి తొమ్మిది, నలభై, నూట పన్నెండు. గోడ అవతల భజన మొదలైంది. మంచం కోడు మీద బక్కమ్మ తాళం వేస్తున్న చప్పుడు కూడా వినబడింది.

డిస్కు వచ్చేదాకా కంటైనర్ లేవకుండా కంప్యూటర్‌లో ఏం రాయాలో కృష్ణప్రియ చెబుతుంటే కిష్టప్ప అక్కడికక్కడే రాసుకున్నాడు. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

"అమ్మా, ఇంకో మాట. ఆదివారం డిస్కు వట్టుకొని వస్త. గీ పాటలు మీ ఇంట్ల గూడ ఒక కాపీ దాసిపెడ్తవా? నా ఒక్కని తాననే ఉంటే నాకు భయమైతుంది."