దీని జోడేది?

సిరిసిల్లలో మరమగ్గాల సామాను చేసే లేత్ మిషన్ మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఏ ముక్క తీసుకెళ్లినా కొలతలు తర్వాత. ముందు "దీని జోడేది?" అని అడిగేవాడు. అంటే, అది దేన్ని ఆనుకుని తిరుగుతుందని. ఆ జోడును చూడందే ఇత్తడో, ఉక్కో, నైలానో తేల్చేవాడు కాదు.

మా మగ్గంలో ఇరుసు తిరిగే రంధ్రానికి వేసే నైలాన్ బుష్ ఏటా అరిగిపోయేది.

"కాకా, ఈసారి గట్టి స్టీల్‌తోని చెయ్యి. ఏటా గిదే పరేషాన్," అన్నాను.

"నేనైతే చెయ్య. నైలాన్ అరిగితే అరగనీ బిడ్డా, ఇరుసు బతుకుతది."

నా మొండితనం నాది. కరీంనగర్ వెళ్లి ఇంకొకరితో స్టీలు బుష్ చేయించుకున్నాను. ఎనిమిది నెలలకు, ఒప్పుకున్న చీరల గుడ్డ సగంలో ఉండగా మగ్గం ఆగింది. విప్పి చూస్తే ఇరుసు చుట్టూ గాడి పడి ఉంది.

దాన్ని భుజాన వేసుకుని మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను. గాడి వెంట బొటనవేలి గోరు నడిపించి, "దీని జోడేది?" అన్నాడు. జేబులోంచి బుష్ తీసి ఇచ్చాను. ఎవరు చేశారని అడగలేదు. వెలుతురుకు తిప్పి చూశాడు.

"పని మంచిగ చేసిండు," అన్నాడు. అందులో వెటకారం లేదు. తర్వాత కొత్త ఇరుసుకు కడ్డీ, దాని జోడుకు నైలాన్ ముక్క వెతకడానికి లేచాడు.

ఆ స్టీలు బుష్ ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా కాస్తుంది. దాని మీద ఇప్పటికీ ఒక్క గీత లేదు.