రెక్కలోడా, ఇనుపచేతులోడా

నా చిన్నప్పుడు నేను ఒక పట్టాన ఎవరినీ నమ్మేదాన్ని కాదు. పాలు పోసే ఆమె నీళ్ళు కలిపిందని, బాపమ్మ పెద్ద బెల్లం ముక్క కొంగులో దాచుకుందని, బడిలో పంతులు నన్ను చూసి నవ్వితే అందులో ఏదో మతలబు ఉందని అనిపించేది. "దీనికి దీని నీడ మీద గూడ అనుమానమే" అని అమ్మ విసుక్కునేది. ఇప్పుడు మా మనవళ్ళు ఫోన్ ముందేసుకుని, ఆ వీరుడు గొప్ప అంటే ఈ వీరుడు గొప్ప అని జుట్లు పట్టుకుంటుంటే, అప్పట్లో కోరుట్లలో మా ఇంట్లో జరిగిన కొట్లాట గుర్తుకొస్తోంది.

మా బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు ఇద్దరూ మేం దుబాయి అని పిలిచే గల్ఫ్ దేశంలోనే ఉండేవాళ్ళు, కానీ ఒకరి పని ఒక ఊళ్ళో, ఇంకొకరిది మరో ఊళ్ళో. ఇక్కడ ఒకే ఇంట్లో అమ్మ, చిన్నమ్మ, బాపమ్మ, నేను, నాకంటే ఏడాది చిన్నవాడైన చిన్నబాపు కొడుకు ఉండేవాళ్ళం. ఒకసారి సెలవు మీద వచ్చిన మా వాడకట్టు మనిషి చేత బాపు ఒక సంచి పంపాడు. అందులో సబ్బులు, అత్తరు సీసా, చీరలు, వాటి అడుగున మా ఇద్దరికీ కలిపి ఒకే ఒక బొమ్మల కథల పుస్తకం. అక్షరాలు అరబ్బీవి. అట్ట మీద ఇద్దరు వీరులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకడికి రెక్కలు, ఇంకొకడికి మోచేతుల దాకా ఇనుము. ఇద్దరికీ ఒక్క పుస్తకమే ఎందుకు పంపాడా అని నాకు అప్పుడే అనుమానం మొదలైంది.

చింపుకుంటారని బాపమ్మ దాన్ని అల్మారీ మీద పెట్టేసింది. మేం చూసింది అట్ట ఒక్కటే. అదే చాలు మాకు. మా బాపు విమానంలో ఎగిరి వెళ్ళాడు కాబట్టి నేను రెక్కలోడి పక్షం. తమ్ముడు ఇనుపచేతులోడి పక్షం. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు మొదలైతే రాత్రి పక్కలేసేదాకా అదే పంచాయితీ.

"వానల తడిస్తే నీ రెక్కలోడు ఎట్ల ఎగురుతడే? కోడి తీర్గ చూరు కింద నిలవడుడే" అనేవాడు వాడు.

"గంత ఇనుము మోస్కొని నీవోడు చెర్లవడితే తేల్తడా?" అనేదాన్ని నేను.

ఇంతలో సంచి తెచ్చిన దుబాయి మనిషి తిరుగు ప్రయాణం దగ్గర పడింది. అప్పట్లో ఉత్తరాలకు తోడు క్యాసెట్లు పోయేవి. ఇంట్లోవాళ్ళు టేపురికార్డరు ముందు కూర్చుని మాట్లాడితే, అక్కడ వాళ్ళు విని కడుపు నింపుకునేవాళ్ళు. పెద్దవాళ్ళు మాట్లాడగా క్యాసెట్టు చివర కొంచెమే మిగిలింది. ఒక్కరికే సరిపోతుంది, మీలో మీరు తేల్చుకోండి అంది బాపమ్మ. బాపు వెళ్ళినప్పటి నుంచి నా గొంతు ఆయన వినలేదు. ఏం మాట్లాడాలో లోలోపల వల్లెవేసుకుని ఉన్నాను. తమ్ముడు మాత్రం తనకే కావాలని పట్టుబట్టాడు. తాళం తిప్పితే ఉరికే బొమ్మకారు అడగడానికే అని నా నమ్మకం. సరే, పుస్తకంలో ఎవడు గెలిస్తే వాడి పక్షం వాళ్ళే మాట్లాడాలని పందెం వేసుకున్నాం. బాపమ్మను బతిమాలి పుస్తకం దింపించాం.

విప్పి చూస్తే అంతా తేడాగా తోచింది. వీరులున్న అట్ట వెనక్కి ఉంది, ముందు వైపు బిస్కెట్ల బొమ్మ ఉంది. మొదటి పేజీలో ఇనుపచేతులోడు నేల మీద పడి ఉన్నాడు, రెక్కలోడు పైన నిలబడ్డాడు. నేను గంతేశాను. కానీ పేజీలు తిప్పుతున్న కొద్దీ నా గంతులు ఆగిపోయాయి. చివరి పేజీకి వచ్చేసరికి రెక్కలోడు గొలుసులతో కట్టేసి ఉన్నాడు, ఇనుపచేతులోడు వాడి మీద కాలు పెట్టి నవ్వుతున్నాడు.

తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నేను ఒప్పుకోలేదు. ఒక పేజీలో కూలిపోయిన గోడ తర్వాతి పేజీలో చెక్కుచెదరకుండా ఎలా నిలబడింది? తెగిన గొలుసు ఎలా అతుక్కుంది? వీరులకు అట్లాంటి మహిమలుంటాయని వాడు. నా కన్ను పుస్తకం మధ్యలోని పిన్నుల మీద పడింది. వీడే రాత్రిపూట కుర్చీ ఎక్కి పుస్తకం దింపి, పిన్నులు పీకి, పేజీలు అటూ ఇటూ మార్చి మళ్ళీ గుచ్చాడని తేల్చేశాను. దొంగను పట్టుకున్న పోలీసులా వాడి చెయ్యి పట్టుకుని పక్కింటి ఆపా దగ్గరికి లాక్కెళ్ళాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమె బట్టలు కుట్టేది. మా వాడలో ఆమె మాటంటే అందరికీ గురి. నేను చెప్పిందంతా విని, పుస్తకం అందుకుని, పిన్నుల వైపు చూడనైనా చూడకుండా దాన్ని బోర్లించి కుడివైపు నుంచి విప్పింది. "గిది గిటునుంచి సదవాలె బేటా. మా ఉర్దూ గూడ గంతే" అంది. గొలుసులతో మొదలైన కథ రెక్కలోడు గెలవడంతో ముగిసింది.

తమ్ముడి ముఖం మాడిపోయింది. "ఆపా నీ దిక్కే మాట్లాడుతది" అన్నాడు నాతో. ఆపాకు కోపం రాలేదు. ఒక వాక్యం పైకి చదివి, సదవొస్తది గానీ అర్థం నాకూ తెల్వదని ఒప్పుకుంది. "నా మాట ఇడిసిపెట్టు. బొమ్మలు చూడు. గోడ కూలేది చూసినవ్, కూలిన గోడ దానంతట అదే లేసేది ఎన్నడన్న చూసినవారా?"

వాడు ఒక్కొక్క పేజీ తిప్పి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారు పోయిందని ఏడుస్తున్నాడని నాకు లోపల సంతోషమే అయింది. ఆపా మిషను ముందు నుంచి లేచి, వాడిని దగ్గరికి తీసుకుంది.

"గా క్యాసెట్టు వంతు నీకెందుకురా బేటా?"

వాడు ముక్కు తుడుచుకున్నాడు. "మా బాపు కాయితం రాక శాన దినాలైంది. అమ్మ దొంగతనంగ ఏడుస్తంది. క్యాసెట్ల అందరు మంచిగున్నం అనే చెప్పిన్రు, మా బాపు ఏడున్నడని ఎవ్వరు అడగలే. పెద్దబాపును అడుగుదామని" అన్నాడు. వాడి పెద్దబాపంటే మా బాపే.

ఆపా నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "పిన్నుల దాక చూసినవ్ బిడ్డా. గీ పోరన్ని ఒక్క మాట అడగకపోతివి."

ఆ సాయంత్రం టేపురికార్డరు ముందు ఇద్దరం కూర్చున్నాం. "బాపూ, నేను. తమ్ముడు మాట్లాడుతడు, విను" అన్నాను. వాడు అడగాల్సింది అడిగాడు. ఇంకేదో అనబోతుంటే టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచింది. మహా త్యాగం చేశానని చెప్పను. దుప్పటి ముసుగేసి ఏడ్చాను. గెలిచి కూడా నా మాటలు నాలోనే ఉండిపోయాయని వాడి మీద, ఆపా మీద కూడా మండింది.

కొన్నాళ్ళకు అక్కడి నుంచి క్యాసెట్టు వచ్చింది. అందులో మొదట వినిపించింది చిన్నబాపు గొంతు. పనిలో కాలు విరిగి మంచాన పడ్డాడట. ఇంట్లో భయపడతారని రాయలేదట, అన్నకు కూడా చెప్పలేదట. మా తమ్ముడు అడిగిన మాట విని బాపు ఆ ఊరికి వెళ్ళి, వెతికి, చిన్నబాపును తన గదికి తెచ్చుకున్నాడు. చిన్నమ్మ ఆ టేపును వెనక్కి తిప్పించి తిప్పించి విన్నది. ఆ రోజు ఆమె ముఖం చూశాక నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నా అనుమానం ఇప్పటికీ పోలేదు. కూరగాయల తక్కెడ మీద, ఫోన్లో తియ్యగా మాట్లాడే కొత్త గొంతుల మీద అది నాకు బాగానే పనికొస్తుంది. ఇంట్లోవాళ్ళ మీదికి మళ్ళితే మాత్రం ఆపా మాట చురుక్కుమంటుంది. మొన్న మా కోడలు మూడు రోజులుగా తలుపేసుకుని ఫోన్లో గుసగుసలాడుతుంటే, నా గురించేనని, నన్ను ఊరికి పంపే ఆలోచనేదో చేస్తోందని మనసులో ఒక కథంతా అల్లేసుకున్నాను. ఆఖరికి తలుపు తట్టి, లోపలికి వెళ్ళి, "ఏమైంది బిడ్డా?" అని అడిగాను. ఆమె కళ్ళు తుడుచుకుని, కొంచెం జరిగి, "రా అత్తమ్మా, కూసో" అని మంచం మీద నాకు చోటిచ్చింది.