గరాటా గుర్తుకే మీ ఓటు

మా ఆయనకి పొద్దున్నే దేశం పాడైపోతే గానీ కాఫీ దిగదు. వాకిట్లో పడక్కుర్చీ వేసుకుని, పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, "ఇంక ఈ దేశం బాగుపడదు" అని తీర్పు చెబుతారు. సాయంత్రం టీవీలో పెద్దమనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే అదే తీర్పు మళ్లీ ఖాయం చేస్తారు. ఆయన ఓ ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. "ఫైళ్లు ఎలా నిద్రపోతాయో నాకు తెలిసినట్టు నీకు తెలీదు" అంటారు. నేనేమో స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని. ఎంత మొద్దు పిల్లాడినైనా వీడింక బాగుపడడని వదిలెయ్యడం మా వృత్తిలో కుదరదు. అందుకని మా ఇంట్లో రోజూ పొయ్యి మీద కాఫీ, వాకిట్లో ఈ గొడవ కలిసే కాగుతుంటాయి.

ఈ గొడవలో మూడో మనిషి మా అత్తయ్యగారు. తొంభైకి దగ్గర పడ్డారు. భూతద్దం పెట్టుకుని బైబిలు చదువుతారు, భూతద్దం అక్కర్లేకుండానే ఎదురింటివాళ్ల వ్యవహారాలు చదివేస్తారు. ఓటు హక్కు వచ్చిన దగ్గర్నుంచి ఒక్క ఎన్నిక కూడా వదల్లేదు. కొడుకు దేశాన్ని తిట్టినప్పుడల్లా ఆవిడ దగ్గర ఒకటే జవాబు.

"నేను కాపరానికొచ్చినప్పుడు ఈ కాలవ మీద వంతెన లేదురా. బల్లకట్టు మీద దాటాను, పెళ్లిచీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. ఇప్పుడు నువ్వు బండి మీద రయ్యిన దాటేస్తున్నావు. ఆ వంతెన ఎవరో ఒకరు అడిగితేనే కదా వచ్చింది?"

దానికి మా ఆయన పేపరు తిరగేస్తారు.

అత్తయ్యగారికి ఉన్న ఒకే ఒక్క బెంగ, పుంత. మాది తణుకుకి దగ్గర్లో ఉన్న ఊరు. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు. మా పేట చివర్నుంచి చేల మధ్యగా పోయే మట్టిబాటని పుంత అంటాం. దాని కొసన ఓ పక్క మా క్రైస్తవుల సమాధుల తోట, ఇంకో పక్క హిందువుల శ్మశానం. అంటే ఊళ్లో ఏ పార్టీవాళ్లయినా, ఏ దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లయినా ఆఖరికి వెళ్లాల్సింది ఆ దారినే. వానాకాలం వస్తే మోకాళ్లదాకా దిగబడుతుంది. మా మావయ్యగారు తుఫాను రోజుల్లో పోయారు. పెట్టె మోసేవాళ్లలో ఒకాయన కాలు జారి, పెట్టె ఒక పక్కకి ఒరిగి, చేలో నీళ్లకి తగిలింది. మిగతావాళ్లు ఎలాగో నిలబెట్టారు. అత్తయ్యగారు వెనకే నడుస్తున్నారు, అంతా చూశారు. ఆయన పోయిన దుఃఖం ఎలాగో దిగమింగుకున్నారు గానీ, ఆయన తడిశారన్న దుఃఖం మాత్రం ఆవిడకి తీరలేదు. "బతికినన్నాళ్లూ ఇస్త్రీ పంచె తప్ప కట్టని మనిషి" అని అదే తలుచుకునేవారు.

ఆవిడ పట్టుదల అప్పుడే మొదలైంది. "ఆ పుంతకి రోడ్డు పడేదాకా నేను పోయేది లేదు. నన్ను ఆ బురదలో మొయ్యనివ్వను. రోడ్డు పడ్డాక, మీకెవరికీ శ్రమ లేకుండా, చల్లగా వెళ్లిపోతాను."

"అయితే నువ్వు చిరంజీవివేనమ్మా" అన్నారు మా ఆయన. "పోలవరం ప్రాజెక్టు మాట నేను కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ వింటున్నాను. నీ పుంత దాని తర్వాతే."

పోయిన పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు రిజర్వేషన్లో ఆడవాళ్లకి వచ్చింది. "అమ్మాయ్, నువ్వు నిలబడు" అన్నారు అత్తయ్యగారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. రెండ్రోజులు ఆలోచించి నామినేషన్ వేశాను. ఆవిడ పుంత కోసమే అని అందరికీ చెప్పాను, అదీ నిజమే. కానీ ఇంకో కారణం కూడా ఉంది. మా ఆయన రోజూ పోసే ఆ చేదు నాక్కూడా కొంచెం కొంచెం ఎక్కుతోంది. టీవీ చూస్తుంటే నాకూ "ఇంక ఏం చేస్తాంలే" అనిపించడం మొదలైంది. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే నేను కూడా ఓ పడక్కుర్చీ కొనుక్కుంటానని భయమేసింది.

పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. వార్డు మెంబర్లకి ఇంట్లో సామాన్లే గుర్తులుగా ఇస్తారు. నాకు గరాటా వచ్చింది. నా మీద నిలబడ్డ అమ్మాయికి బీరువా వచ్చింది. చేపల చెరువులవాళ్ల కోడలు, చదువుకున్న పిల్ల, ఎవర్నీ పల్లెత్తు మాట అనదు. వెనకాల ఓ పార్టీ అండ కూడా ఉంది.

"బీరువాలో వేసింది బీరువాలో ఉంటుంది" అన్నారు మా ఆయన. "గరాటాలో పైనుంచి ఎంత పోసినా కిందనుంచి పోయేదే."

అత్తయ్యగారు ఆయన మాట వినిపించుకోలేదు. కిరసనాయిలు పొయ్యిల కాలంనాటి రేకు గరాటాని అటక మీంచి దింపించి, తళతళలాడేలా తోమించి నా చేతికిచ్చారు. అది పట్టుకుని ఇంటింటికీ తిరిగాను.

మా గోదావరి జిల్లాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. గుమ్మంలోకొచ్చిన మనిషిని "మీకు వెయ్యమండి" అని పంపడం ఇక్కడ ఎవరివల్లా కాదు. పీక మీద కత్తి పెట్టినా కాదు.

"అయ్యో, మీరు అడగాలాండి? మీకేనండి!"

"టీచరుగారండి, మా ఇంటిల్లిపాదీ మీకేనండి. ఎండన పడొచ్చారు, కూర్చోండి, మజ్జిగ తాగుదురుగాని."

వాళ్ల మజ్జిగ తాగాను, వాళ్ల మాట నమ్మాను. ఆఖరి రోజుకి నా లెక్క ప్రకారం అవతలి అమ్మాయికి వాళ్లింటి ఓట్లు కూడా పడేలా లేవు, పాపం అనుకున్నాను. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, వచ్చినవాళ్లందరికీ అవే మాటలు నేనూ చెప్పి పంపినదాన్ని. అవి నా దాకా వచ్చేసరికి మాత్రం నమ్మేశాను. ఈ పొరపాటు మా జిల్లాలవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

ఓట్లు లెక్కపెట్టారు. నాకు ఓటేసినవాళ్లందర్నీ మా వాకిట్లో కూర్చోబెట్టొచ్చు, అద్దె కుర్చీలు తేకుండానే.

మా ఆయన మర్నాడు కాఫీ దగ్గర కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "చూశావా? చదువుకున్నదానివి, నిజాయితీగా అడిగావు. మొహం మీదే అబద్ధం చెప్పి పంపారు. ఒక్క వార్డే ఇలా ఏడిస్తే, దేశం ఎలా ఏడుస్తుంది?" నాకు ఏడుపొచ్చింది. ఓడిపోయినందుక్కాదు. ఆయన చెప్పేదే నిజమేమో అని మొదటిసారి గట్టిగా అనిపించింది.

ఆ మధ్యాహ్నమే గెలిచిన అమ్మాయి స్వీట్ల పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చింది. నాకు నమస్కారం పెట్టి, అత్తయ్యగారి దగ్గరికెళ్లి, "మామ్మగారండి, దీవించండి" అని వంగింది. అత్తయ్యగారు ఆ పిల్ల తల మీద చెయ్యి వేశారు.

"నీకే వేశానమ్మా నా ఓటు. నువ్వే గెలుస్తావని నాకు ముందే తెలుసు. ఆ పుంత రోడ్డు సంగతి ఒక్కటి చూడు తల్లీ."

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా ఓపిక పట్టి, అప్పుడు మీద పడ్డాను. "అత్తయ్యగారండీ! మీరు కూడానా?"

"ఏంటి, నేను కూడా? నీకే వేశాను. గరాటా మీద ఎంత గట్టిగా గుద్దానంటే కాయితం చిరిగిందేమోనని చూసుకున్నాను."

"మరి ఆ అమ్మాయితో అలా అన్నారేంటండీ?"

"ఇంటికొచ్చిన పిల్లని చిన్నబుచ్చుతామా?" అన్నారు ఆవిడ, అంత చిన్న విషయం నాకు తెలియనందుకు ఆశ్చర్యపోతూ. "నీతో అన్నవాళ్లూ అంతేనే. నువ్వు నొచ్చుకుంటావని అన్నారు. ఓటు వెయ్యలేదు, సరే. మాటిచ్చారు కదా? ఆ మాట ఇంకా నీ దగ్గరే ఉంది. వెళ్లి వాడుకో."

"ఎలా వాడుకోనండీ?"

"అందరూ నీకే వేశామన్నారుగా. వెళ్లి థాంక్స్ చెప్పు."

మళ్లీ ఇంటింటికీ బయల్దేరాను. "మీరు నాకే వేశారని తెలుసండి. చాలా థాంక్సండి" అన్నాను, ఒక్క గుమ్మం వదలకుండా. వాళ్ల మొహాలు చూసి తీరాలి. ఒకాయన బనీనుతో ఉన్నవాడు గబగబా లోపలికెళ్లి చొక్కా తొడుక్కొచ్చాడు. ఒకావిడ నా సంచీ నిండా అరటిపళ్లు కుక్కేసింది, ఎంత వద్దన్నా వినదు. అందరితో ఒకటే చెప్పాను. "వచ్చే నెల్లో గ్రామసభ ఉందండి. పుంత రోడ్డు అడుగుతాను. నాకు ఓటేసిన మీరంతా వచ్చి నా వెనకాల కూర్చుంటే చాలండి."

"తప్పకుండానండి! రాకుండా ఎలా ఉంటామండి?"

అవే మాటలు. అదే మజ్జిగ. ఈసారి నమ్మాలా? ఇంటికి నడుస్తూ చాలాసేపు ఆలోచించాను. నమ్మకపోతే నాకు మిగిలేది మా ఆయన పక్కన ఇంకో కుర్చీ. నమ్మితే ఇంకోసారి వెర్రిదాన్నవుతాను, అంతేగా. ఒకసారి అయి చూశాను, ప్రాణం పోలేదు. నమ్మాలనే నిర్ణయించుకున్నాను. ఆశ అంటే ఎవరో మంచి వార్త చెబితే పుట్టేదనుకునేదాన్ని అప్పటిదాకా. కాదు, కూరలు ఏరుకున్నట్టు మనమే ఏరుకోవాలి. పైగా నిరాశకి కుర్చీ ఉంటే చాలు. ఆశతో చాకిరీ ఎక్కువ, ఎండలో తిరగాలి.

మామూలుగా మా ఊరి గ్రామసభకి టీ కప్పులు మిగిలిపోయేంతమంది వస్తారు. ఆ రోజు షామియానా చాల్లేదు. బీరువాకి వేసినవాళ్లే మరీ హుషారుగా వచ్చారు. నాకు కనపడాలని ముందు వరసలన్నీ వాళ్లే ఆక్రమించారు. పంచాయతీ సెక్రటరీ ఆ జనాన్ని చూసి ఏదో గొడవనుకుని కంగారుపడి, తర్వాత టీకి మళ్లీ మనిషిని పంపారు. మా ఆయన కూడా వచ్చారు. ఎవరూ రారు, నేనొక్కదాన్నే కూర్చుంటే బావుండదని తోడొచ్చారట.

నేను లేచేలోపే గెలిచిన అమ్మాయి లేచింది. మైకు అందుకుని, "మామ్మగారు నాకే ఓటేశారండి. నా తల మీద చెయ్యేసి ఆవిడ అడిగింది ఒక్కటేనండి, పుంత రోడ్డు. ముందు అది రాసుకోండి" అంది. నాకు నవ్వూ ఆగలేదు, కన్నీళ్లూ ఆగలేదు.

మా ఆయన నా వైపు వంగి, "అమ్మ ఈ పిల్లకి వేసిందా?" అన్నారు గాభరాగా.

"మీరు మైకు వైపు చూడండి" అన్నాను.

తర్వాత నేను మాట్లాడాను. మావయ్యగారి పెట్టె ఒరిగిన సంగతి చెబుతుంటే మధ్య వరసలోంచి ఒకాయన లేచి, "ఆ రోజు జారింది నేనేనండి టీచరుగారు" అన్నాడు. చేతులెత్తమన్నప్పుడు బీరువావాళ్లూ గరాటావాళ్లూ కలిసే ఎత్తారు. పక్కకి చూస్తే మా ఆయన చెయ్యి కూడా పైనే ఉంది. ఎప్పుడెత్తారో ఆయనకే తెలిసినట్టు లేదు.

మర్నాడే రోడ్డు పడిపోయిందనుకునేరు. ఒక వానాకాలం మళ్లీ బురదలోనే గడిచింది. ఆ అమ్మాయీ నేనూ మండలాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాం. ఫైళ్లు ఎక్కడ నిద్రపోతాయో తెలిసిన మనిషికి వాటిని ఎక్కడ తట్టి లేపాలో కూడా తెలిసే ఉంటుందని నాకు అప్పుడు తట్టింది. మా ఆయన్ని అడిగాను. మొదట్లో విసుక్కుంటూ చెప్పేవారు. పోనుపోను తనే బండి తాళాలు తీసి, "అవ్వదు గానీ, పద" అనేవారు.

అయింది. సిమెంటు పోస్తున్నన్ని రోజులూ మా ఆయన గొడుగేసుకుని పుంత మీదే నిలబడి, ఇసక ఎక్కువైందని మేస్త్రీతో తగువు పెట్టుకున్నారు. పోశాక పైన గడ్డి పరిచి రోజూ తడపాలి. తడిపే మనిషి రాని రోజు ఈయనే బకెట్టుతో కాలవ నీళ్లు తోడి పోశారు. "ఈ దేశంలో ఏ పనీ ఎవడూ సరిగ్గా చెయ్యడు" అని తిడుతూనే, ఆ చివర్నుంచి ఈ చివరికి తడిపారు. అలా తిట్టే మనిషి నాకు ఎంత ముద్దొచ్చారో చెప్పలేను.

కానీ రోడ్డు గట్టిపడుతున్నకొద్దీ నాకు లోపల గుబులు పట్టుకుంది. రోడ్డు పడితే చల్లగా వెళ్లిపోతానన్నారు కదా అత్తయ్యగారు. ఆవిడ మాట మీద నిలబడే మనిషి. మా ఆయన కూడా రోజుకి నాలుగుసార్లు అమ్మ గదిలోకి తొంగి చూసి రావడం మొదలుపెట్టారు.

ఒక ఆదివారం గుళ్లో ఆరాధన అయ్యాక, "పదండి, రోడ్డు చూద్దాం" అన్నారు అత్తయ్యగారు. ఇస్త్రీ చీర కట్టుకుని ఉన్నారు. ఓ పక్క కొడుకు, ఓ పక్క నేను. చేతికర్రతో సిమెంటు మీద కొట్టి చూసుకుంటూ, మధ్యమధ్యలో ఆగుతూ, సమాధుల తోట దాకా నడిచారు. మావయ్యగారి సమాధి దగ్గర నిలబడి చెప్పులకేసి చూసుకున్నారు.

"ఏవండీ, రోడ్డు వేయించాం. కాళ్లకి మట్టి అంటకుండా వచ్చాను" అన్నారు.

మా ఆయన మొహం పక్కకి తిప్పేసుకున్నారు. అత్తయ్యగారు చేతికర్ర మీద ఆనుకుని, నిట్టూర్చి, "ఇంక..." అన్నారు. నేను ఆవిడ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను.

"ఇంక లైట్లేవిరా?" అన్నారు ఆవిడ, దారి పొడుగునా చూస్తూ. "పొద్దుపోతే నన్ను సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని తెస్తారా? దారి కనపడక ఏ చేలోనో పడేస్తారు. లైట్లు పడేదాకా నేను వచ్చేది లేదు. అమ్మాయ్, మళ్లీ ఎన్నికలొస్తాయి, నిలబడు."

దేశం గురించి ఏమంటారోనని మా ఆయన వైపు చూశాను. ఆయన కళ్లు తుడుచుకుని, స్తంభాలు ఎక్కడెక్కడ పాతాలో చూసుకుంటున్నట్టు రోడ్డుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు.

"ఆ గరాటా ఎక్కడ పెట్టావే?" అన్నారు.