పోలయ్యను చంపింది వల కాదు

మొన్న యారాడ ఒడ్డున ఒకడు జెల్ల చేప ముల్లు గుచ్చుకున్న వేలికి చుట్ట నుసి అద్దుతున్నాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా బొటనవేలి మీది పాత మచ్చ చిమచిమలాడింది. నుసి కడిగించి, ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపేదాకా నేను ఊరుకోలేదు. ముసలాడి చాదస్తం అని నవ్వారు. నవ్వనీ. నాకీ చాదస్తం అంటించిన మనిషి సత్యవతప్ప. అక్కను మా వైపు అప్ప అంటాం. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేది.

తొంభైల చివర్లో నేనూ నా తమ్ముడు పోలయ్యా ఒకే పడవ మీద వేటకు వెళ్ళేవాళ్ళం. ఒకనాడు వలలోంచి తీస్తుంటే ఒకే జెల్ల ఇద్దరినీ పొడిచింది. ఒకే చుట్ట నుసి అద్దుకుని రెండు రోజులు కూర్చున్నాం. జ్వరంతో ఒకే పూట ఆసుపత్రిలో చేరాం. ఒకే మందు ఎక్కించారు. చీము విషం రక్తంలోకి పాకింది. దాన్ని తరమాల్సిన ఒంటి బలమే తిరగబడి తమ్ముడి ఒంటినే కూల్చింది. మూడోనాటికి పోలయ్య పోయాడు. నేను లేచి కూర్చున్నాను.

ఊరి పెద్దలు కారణం తేల్చేశారు. పోలయ్య పెళ్ళాం పైడమ్మ ఆరబెట్టిన వల దాటిందట, గంగమ్మకు కోపమొచ్చిందట. ఆ రోజు నుంచి ఒడ్డున ఆమెను చేపల బుట్ట ముట్టుకోనివ్వలేదు. ఆ బుట్టే ఆమె బతుకు. సిగ్గు విడిచి చెబుతున్నాను, పెద్దల మాటకు మొదట తలూపింది నేనే.

కట్టు మార్పించుకోవడానికి వెళ్ళి సత్యవతప్పతోనూ అదే అన్నాను. కంచరపాలెం మనిషి, మొహమాటం ఎరగదు.

"ఏటి తమ్ముడా, మీ ఆవిడ ఎప్పుడూ వల దాట్లేదేటి?"

"దాటింది గానీ..."

"మరి నువ్వెందుకు సావలేదు?"

ఆమె బల్ల మీద రెండు రక్తపు గొట్టాలు పక్కపక్కన పెట్టింది. "ఇద్దరికీ ఒకటే అయినవి తీసి పక్కనెట్టు. వేరేది ఏటుందో అది ఎతుకు. అదీ సదువంటే." నాలుగో తరగతి దాటని నాకు పాత సైన్సు పుస్తకాలిచ్చింది. గాజువాక బస్సులో కూడబలుక్కుంటూ చదివాను. చదివాను గానీ, ఒడ్డున మాత్రం నోరు విప్పలేదు. బుట్ట పోయిన పైడమ్మ కూలికి ఇటుకలు మోస్తూనే ఉంది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక డాక్టరు ఆ జబ్బు నుంచి బతికి బయటపడ్డవాళ్ళ రక్తం తీసుకోవడానికి ఆసుపత్రికి వచ్చాడు. ఒంటికి కాపలా కాసే జన్యువులు మనిషికీ మనిషికీ కొంచెం తేడాగా ఉంటాయట. ఆ తేడా చావుబతుకుల్ని మారుస్తుందేమో చూస్తున్నారట. సత్యవతప్ప సూది పట్టుకుంటే చొక్కా చెయ్యి మడిచి ఇచ్చాను.

"ఒక తల్లి బిడ్డలం కదప్పా, మాకు తేడా ఏటి?"

"ఒకటే పేక. పంచినప్పుడు నీకో ముక్క, ఆడికో ముక్క."

"అయితే రాతేనన్నమాట."

ఆమెకు ఒళ్ళు మండింది. "ఆళ్ళు 'ఏమో' అని రాసుకుంటే నువ్వు 'అంతే' అని సదివేత్తావేటి? ఆ రెండ్రోజులు నుసి నమ్ముకుని కూకోకపోతే ఆడు బతికేవోడేమో. అది నీ సేతిలోది. రక్తం ఇచ్చినావు సరే, ఆ పైడమ్మ కోసం నోరు ఇయ్యలేవేటి?"

ఆ ఆదివారం పెద్దల ముందు నిలబడ్డాను. "పోలిగాడిని సంపింది వల కాదు. అదే వల నా పెళ్ళామూ దాటింది. నాను బతికే ఉన్నాను."

"అబద్దం!" అన్నాడొక పెద్ద.

నా భార్య అప్పలమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, అందరి ముందూ ఆరబెట్టిన వల దాటింది. మళ్ళీ ఇటు దాటింది. "ఇంక మా ఆయన సావాల. సూత్తూ కూకోండి!"

మర్నాడు వేటకెళ్ళి తిరిగొచ్చాను. మొదటి బుట్ట పైడమ్మ నెత్తికి నేనే ఎత్తాను. ఆపడానికి ఒక్కడూ లేవలేదు.

నా రక్తంలో ఏం తేలిందో నాకెవరూ చెప్పలేదు. సత్యవతప్ప ఇప్పుడు లేదు. కానీ ఈ ఒడ్డున ఏ చావుకైనా ఏ ఆడదాన్నయినా వేలెత్తి చూపితే నేను లేచి అడుగుతాను. ఏది ఒకటే, ఏది వేరు? జవాబు చెప్పేదాకా కూర్చోను.